హీట్ మోడ్‌లో ఏసీ వేడెక్కట్లేదా? ఆగి చూడటం, మెకానిక్, గ్యాస్, రూమ్ హీటర్... వీటిలో ఏది మేలు?

హీట్ మోడ్ పెట్టి అరగంటైనా గది వెచ్చబడకపోతే చాలామంది వెంటనే మెకానిక్‌కి ఫోన్ కొడతారు, ఆయన వచ్చీ రాగానే గ్యాస్ తగ్గిందంటాడు. కాస్త ఆగండి. అసలు గాలే రావట్లేదా, వస్తున్నా గోరువెచ్చగా ఉందా, లేక చల్లగాలి కొడుతోందా? ఈ మూడూ వేర్వేరు సమస్యలు, ఏం చేస్తే మేలన్నది కూడా దాన్నిబట్టే మారుతుంది.

గాలే రాకపోతే మాత్రం ముందు ఆగి చూడటమే మేలు. హీట్ మోడ్‌లో ఆన్ చేసిన వెంటనే లోపలి ఫ్యాన్ తిరగదు, చల్లగాలి మొహాన కొట్టకుండా కాయిల్ (గ్యాస్ తిరిగే పైపుల చుట్ట) వేడెక్కేదాకా కొన్ని నిమిషాలు అలా ఆగి ఉంటుంది. బాగా నడుస్తున్నది మధ్యలో ఆగిందంటే అది డీఫ్రాస్ట్, అంటే బయటి యూనిట్ మీది మంచుని కరిగించుకోవడం కావచ్చు. బయట చలి 5 డిగ్రీల లోపుకి దిగి, గాలిలో తేమ కూడా ఉంటే అవుట్‌డోర్ కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి యూనిట్ కాసేపు కూలింగ్‌కి మారి, వేడిని బయటి కాయిల్‌కి పంపుతుంది. అప్పుడు లోపల ఫ్యాన్ ఆగిపోతుంది, బుస్సుమని చప్పుడొస్తుంది, బయట పొగలాగా ఆవిరి లేస్తుంది, కింద నీళ్లు కారతాయి. ఇదంతా చూసి ఏసీ కాలిపోతోందని కంగారుపడేవాళ్లున్నారు గానీ సాధారణంగా 5 నుంచి 10 నిమిషాల్లో మళ్లీ వేడిగాలి మొదలవుతుంది. పల్చటి తెల్లమంచు కనిపిస్తే పట్టించుకోనక్కర్లేదు. యూనిట్ మొత్తం గడ్డకట్టి గంటలు గడిచినా కరగకపోతే మాత్రం డీఫ్రాస్ట్ సెన్సరో, బోర్డో, బయటి ఫ్యానో పనిచేయట్లేదని అర్థం, అప్పుడు ఆఫ్ చేసి మెకానిక్‌ని పిలవాల్సిందే. ఆ మంచుని కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకకండి, పైపుకి చిన్న బొక్క పడినా ఉన్న గ్యాసంతా పోతుంది.

గోరువెచ్చగా వస్తుంటే ముందు మీ చేతిలో ఉన్న పనులు చూసుకోండి. ఫిల్టర్ తీసి కడగండి. కూలింగ్‌లో కన్నా హీటింగ్‌లో దుమ్ము పట్టిన ఫిల్టర్ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే ఇప్పుడు వేడిని వదలాల్సింది లోపలి కాయిలే, గాలి సరిగ్గా ఆడకపోతే ప్రెషర్ పెరిగి యూనిట్ తనంతట తానే తగ్గిపోతుంది లేదా ఆగిపోతుంది. గాలి రెక్కల్ని కిందికి తిప్పండి, వేడిగాలి ఎలాగూ పైకే పోతుంది. పైగా సెన్సర్ ఉండేది గోడమీద ఎత్తున యూనిట్‌లోనే కాబట్టి, కింద మీరు వణుకుతున్నా అది గది వెచ్చబడిందనుకుని ఆపేస్తుంది. అలాంటప్పుడు సెట్టింగ్ రెండు మూడు డిగ్రీలు పెంచి చూడండి. ఇంకోమాట, హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే ఇలాంటి ఏసీ) గాలి హీటర్ గాలిలా చుర్రుమనదు, 35 నుంచి 45 డిగ్రీల మధ్య వస్తుంది కాబట్టి చేతికి పెద్ద వేడిగా అనిపించదు. గది వెచ్చబడుతోందా లేదా అన్నదే లెక్క.

చల్లగాలి వస్తుంటే ముందు రిమోట్ చూడండి. ఆటో మోడ్‌లో ఉంటే అదే కూలింగ్ ఎంచుకుని ఉండొచ్చు. మీది ఉత్త కూలింగ్ ఏసీనే అయ్యుండొచ్చు కూడా; ఒకే రిమోట్‌ని రెండు రకాల మోడళ్లకూ ఇస్తారు కాబట్టి దానిమీద సూర్యుడి బొమ్మ ఉన్నంత మాత్రాన యూనిట్‌కి వేడి చేయడం రాదు. మోడల్ నంబర్‌తో మాన్యువల్‌లో సరిచూసుకోండి.

ఇక అసలు గొడవ గ్యాస్ దగ్గర. గ్యాస్ నింపించడం మేలా, లీకేజీ వెతికించడం మేలా? నా వరకు ఇందులో రెండో మాట లేదు, ముందు లీకేజీ. గ్యాస్ పెట్రోల్‌లా వాడితే అయిపోయేది కాదు, మూసిన పైపుల్లోనే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారింది, ఆ చోటు మూయకుండా నింపితే అదీ కారిపోతుంది. అసలు తగ్గిందో లేదో తెలుసుకోవాలంటే కాసేపు కూల్ మోడ్ పెట్టి చూడండి, బయట మరీ గడ్డకట్టే చలి లేకపోతేనే. గ్యాస్ తక్కువైతే కూలింగ్, హీటింగ్ రెండూ నీరసంగానే ఉంటాయి. కూలింగ్ భేషుగ్గా ఉండి హీటింగ్ మాత్రమే రాకపోతే అనుమానం ముందు ఫోర్ వే వాల్వ్ (కూలింగ్, హీటింగ్ మధ్య గ్యాస్ దారి మార్చేది) మీదా, దాన్ని కదిలించే కరెంటు కాయిల్ మీదా, సెన్సర్ మీదా పడాలి.

మెకానిక్ వచ్చి హీట్ మోడ్‌లోనే గేజ్ (ప్రెషర్ కొలిచే మీటరు) తగిలించి, కూలింగ్ లెక్కతో ప్రెషర్ చెబుతుంటే జాగ్రత్తపడండి. స్ప్లిట్ ఏసీల్లో గేజ్ పెట్టే చోటు మామూలుగా లావు పైపు దగ్గరుంటుంది, హీట్ మోడ్‌లో ఆ పైపులోకి కంప్రెసర్ వదిలే హై ప్రెషర్ వస్తుంది. ఆ రెండింటికీ పోలిక లేదు. ఉన్న గ్యాస్‌ని బయటికి తీసి, వ్యాక్యూమ్ పట్టి (పైపుల్లోని గాలి, తేమ లాగేసి), యూనిట్ లేబుల్ మీదున్న బరువు ప్రకారం తూచి నింపేవాడే పని తెలిసినవాడు. కవర్ విప్పే పని మీరు పెట్టుకోవద్దు, ఇన్వర్టర్ బోర్డులోని కెపాసిటర్లలో స్విచ్ ఆపాక కూడా షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

రిపేరు అయ్యేదాకా రూమ్ హీటర్ పెట్టుకోవచ్చు, తప్పులేదు. కాకపోతే అది ఒక యూనిట్ కరెంటుకి ఒక యూనిట్ వేడే ఇస్తుంది, హీట్ పంప్ మామూలు చలిలో రెండు మూడు రెట్లు ఇస్తుంది, అంటే హీటర్‌తోనే చలికాలమంతా గడిపేద్దామంటే బిల్లు మోత మోగుతుంది. హీటర్‌ని ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి కాకుండా నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి. డక్ట్ సిస్టమ్‌లో (గొట్టాల ద్వారా ఇల్లంతా గాలి పంపే ఏసీలో) ఉండే ఎమర్జెన్సీ హీట్ కూడా చాలావరకు ఇలాంటి కరెంటు హీటరే, హీట్ పంప్ చెడినప్పుడు తప్ప దాన్ని ఆన్‌లో వదిలేయొద్దు.

కొత్తది కొనడమా, బాగుచేయించడమా అంటే, సెన్సర్, వాల్వ్ కాయిల్, ఫ్యాన్ మోటారు లాంటివైతే కళ్లు మూసుకుని బాగుచేయించండి. వారంటీ దాటిన కంప్రెసర్ పోయినా, లోపలి కాయిల్ మళ్లీ మళ్లీ లీకవుతున్నా కొత్తదే నయం. అది ఆర్-22 గ్యాస్ పాత యూనిట్ అయితే ఇంకా ఆలోచించనక్కర్లేదు, ఓజోన్ పొరని కాపాడే మాంట్రియల్ ఒప్పందం కింద ఆ గ్యాస్‌ని ప్రపంచమంతా దశలవారీగా ఆపేస్తోంది. కొనేముందు హీటింగ్ ఎన్ని డిగ్రీల చలిదాకా పనిచేస్తుందో కేటలాగ్‌లో చూడండి, కొన్ని మోడళ్లు సున్నాకి కాస్త కిందికి దిగేసరికే చతికిలబడతాయి.