పీసీవీ టీకా: డబ్బులు పెట్టి బయట వేయించాలా?

మా పాపకు పీసీవీ (న్యుమోనియా లాంటి జబ్బుల నుంచి కాపాడే టీకా) డోసులన్నీ దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనే వేయించాం, పైసా ఖర్చు లేదు, బయట అయితే ఇదే టీకాకు వేలల్లో వదులుతుంది. 2021 నుంచి దేశమంతా ఉచితమే. 6 వారాలకు, 14 వారాలకు ఒక్కో డోసు, 9 నెలలు నిండాక బూస్టర్.

ఇది ఆ జబ్బులు తెచ్చే న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది. మామూలు బ్యాక్టీరియా కాదండీ అది, పిల్లల ముక్కులో తిష్ఠ వేసి, పక్కనున్న బ్యాక్టీరియా డీఎన్‌ఏ ముక్కలను లాక్కుని తన జన్యువుల్లో కలిపేసుకుంటుంది, అలా పెన్సిలిన్ అతుక్కోవాల్సిన ప్రోటీన్లే మారిపోయి మందుకు లొంగదు. జలుబు చేయగానే మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ సిరప్ కొని పోసేవాళ్లు (మా చుట్టాల్లోనే బోలెడుమంది) ఆ బ్యాక్టీరియాకు ఇంకా బలమిస్తున్నట్టే, జలుబు ఎక్కువగా వైరస్ వల్లే కదా! టీకాతో జబ్బూ తగ్గుతుంది, యాంటీబయాటిక్ అవసరమూ తగ్గుతుంది. కాకపోతే ఈ బ్యాక్టీరియాలో 100 దాకా రకాలున్నాయి, టీకా ఆపేది కొన్నింటినే.

ఆరోగ్య కేంద్రంలో ఏఎన్‌ఎం (టీకాలు వేసే నర్సు) గారు ఓపికగా చెప్పారు, జ్వరం వస్తే ఏం చేయాలో కూడా. కుర్చీలు మాత్రం చాలవు, చంటిబిడ్డతో నిలబడాల్సిందే. 5కి 4.