ఇంట్లోవాళ్ల ఫొటోలకి 50 ఎంఎం 1.8 లెన్స్: ఆరేళ్లు దాటాక నా అనుభవం

2019 సంక్రాంతికి ముందు కొన్నా ఈ లెన్స్, కానన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం, నాది 200డీ కెమెరా. అప్పటిదాకా కెమెరాతో వచ్చిన 18-55 జూమ్ లెన్స్ (కిట్ లెన్స్ అంటారు) తోనే తీసేవాణ్ణి, సాయంత్రం అయితే ఫ్లాష్ లేచేది, మొహాలు చదునుగా, వెనక గోడ మీద నల్లటి నీడ. ఈ ఆరేళ్లలో పెళ్లిళ్లూ బారసాలలూ పక్కన పెడితే, ఎక్కువగా తీసింది మా ఇంట్లోవాళ్లనే, అందుకని ఆ కోణంలోనే రాస్తున్నా.

అసలు కొనడానికి కారణం మా నానమ్మ. ఆవిడది నలుపు రంగు, నుదుటి మీద పచ్చబొట్టు, మొహం నిండా ముడతలు. తాతయ్య చనిపోయిన ఏడాది స్టూడియోకి తీసుకెళ్లి ఒక ఫొటో తీయించాం, వాళ్లు ముడతలన్నీ తుడిచేసి, పచ్చబొట్టు కూడా చెరిపేసి, మొహం తెల్లగా చేసి ఫ్రేము కట్టి ఇచ్చారు. నానమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి "ఎవర్రా ఈవిడ" అంది. ఆ మాట నా మనసులోంచి పోలేదు. ఎలాగైనా ఆవిడ రంగు ఆవిడకి ఉండేలా ఒక ఫొటో నేనే తీయాలనిపించింది.

లెన్స్ వచ్చిన మొదటి పండక్కి అన్నీ 1.8 లోనే, అంటే లెన్స్ లోపలి రంధ్రం పూర్తిగా తెరిచే తీశా. వెనకంతా కరిగిపోతుంటే చూడ్డానికి భలే ఉంటుంది కదా, ఫోన్‌లో అందరూ బావున్నాయన్నారు కూడా. తర్వాత 12x18 అంగుళాల ప్రింటు వేయిస్తే అప్పుడు తెలిసింది, నానమ్మ కన్ను షార్ప్‌గా ఉంది, చెవి దుద్దులు మసక, గ్రూప్ ఫొటోలో ముందు వరస బానే ఉంది, వెనక నిల్చున్న బాబాయిల మొహాలు ఒక్కటీ సరిగ్గా లేదు. తర్వాత లెక్క వేసుకుంటే, ఈ కెమెరా మీద ఒక మీటరు దూరంలో 1.8 పెడితే ఫోకస్‌లో ఉండే మందం దాదాపు రెండున్నర, మూడు సెంటీమీటర్లే, ముక్కు కొస నుంచి కన్ను దాకా కూడా సరిగ్గా రాదు. అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదై ఆ మందం పెరుగుతుంది. ఇప్పుడు ఒక్కరే అయితే 2.8, పక్కపక్కన ఇద్దరైతే 4, రెండు వరసలైతే 5.6 పెట్టి మూడు మీటర్లు వెనక్కి జరుగుతా, అప్పుడు ముప్పావు మీటరు దాకా దొరుకుతుంది, రెండు వరసలకి సరిపోతుంది. 1.8 కోసం కొన్న లెన్స్‌ని ఎక్కువగా 4 లో వాడుతున్నా, దానికి నాకేం బాధ లేదు, 4 లో ఇది చాలా షార్ప్.

కానీ నిజంగా ఫొటోలు మారింది లెన్స్ వల్ల కాదు, వెలుగు వల్ల. ఊళ్లో మాది మండువా ఇల్లు, మధ్యలో పైకప్పు లేకుండా ఆకాశం కనిపిస్తుంది, వానొస్తే నాలుగు వైపుల నుంచీ నీళ్లు అందులో పడతాయి. వెలుగు బాగుంది కదా అని మొదట్లో మనుషుల్ని సరిగ్గా మధ్యలో నిలబెట్టేవాణ్ణి, నెత్తి మీద నుంచి వెలుగు పడి కళ్ల కింద గుంటలు నల్లగా వచ్చేవి. తర్వాత నానమ్మని మండువా చుట్టూ ఉండే వసారాలో స్తంభం పక్కన పీట వేసి, చూరుకి ఒక అడుగు లోపలికి, మొహం మండువా వైపు పెట్టి కూర్చోబెట్టా. వెలుగు ఏటవాలుగా వచ్చి మొహం మీద మెత్తగా పరుచుకుంది. ఇంకా గడ్డం కింద కాస్త చీకటి ఉంటే ఏం చేయాలా అని చూస్తే దండెం మీద తాతయ్య పాత పంచె ఉంది, దాన్ని తీసి నానమ్మ కాళ్ల ముందు నేల మీద పరిచా. అంతే, కింద నుంచి తెల్లటి వెలుగు తిరిగొచ్చి గడ్డం కింద చీకటి పోయింది, ముడతలు ఉన్నాయి గానీ గీతల్లా కరుగ్గా లేవు. ఆవిడేమో "తొక్కుతానేమోరా, తీసెయ్" అని కాళ్లు వెనక్కి లాక్కుని కూర్చుంది, ఫొటోలో ఆ కూర్చున్న తీరు కూడా అలాగే వచ్చింది. పెద్ద ప్రింటులో దగ్గరగా చూస్తే ఆవిడ కంటిపాపలో మండువా ఆకాశం చిన్న చదరంలా కనిపిస్తుంది, ఆరేళ్లలో నేను తీసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో ఆ సుఖం లేదు. బాల్కనీ తలుపు పక్కన కూర్చోబెట్టి హాల్లో లైట్లన్నీ ఆపేస్తా, లేకపోతే ఒక చెంప నీలంగా ఒక చెంప పసుపుగా వస్తుంది, దాన్ని ఎడిటింగ్‌లో సరిచేయడం చాలా కష్టం. రాత్రి ఎల్ఈడీ లైట్ల కిందే తీయాల్సొస్తే షట్టర్ స్పీడు సెకనులో వందో వంతు, అంటే 1/100 పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని లైట్లు సెకనుకి వందసార్లు మిణుకుతాయి, కంటికి తెలియదు గానీ 1/200 పెడితే ఫొటోలో అడ్డంగా చారలు పడతాయి. పిల్లలు పరిగెడుతుంటే మాత్రం పగలే, 1/250 పెట్టి ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 1600 దాకా వదిలేస్తా, కాస్త నాయిస్, అంటే గరుకు చుక్కలు ఉన్నా పర్లేదు, కదిలిన ఫొటోని మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

ఇంకోటి, కెమెరాలో వెలుగు కొలిచే మీటరుని గుడ్డిగా నమ్మొద్దు. అది ఫ్రేములో ఉన్నదంతా మధ్యస్థం బూడిద రంగు వెలుగులోకి తేవాలని చూస్తుంది. తెల్ల చొక్కా తెల్ల పంచెలో మావయ్య కూర్చుంటే ఆ తెలుపు చూసి వెలుగు తగ్గించేస్తుంది, మొహం బొగ్గులా వస్తుంది, అప్పుడు వెలుగు కాస్త పెంచేలా ఎక్స్‌పోజర్ ప్లస్ 2/3 పెడతా. అదే నల్లటి తలుపు ముందు నానమ్మ అయితే ఎక్కువ వెలుగు పోసేస్తుంది, ముక్కు మీదా నుదుటి మీదా మెరుపు తేలుతుంది, అప్పుడు మైనస్. ఎర్ర పట్టుచీరల దగ్గర ఇంకా జాగ్రత్త, మామూలు హిస్టోగ్రామ్‌లో (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) అంతా బానే ఉన్నట్టుంటుంది గానీ ఎరుపు ఒక్కటే అంచు దాటిపోయి చీర మీద బుటాలు కలిసిపోయి ఎర్రటి ముద్దలా వస్తుంది, ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని చూడండి.

ఎడిటింగ్ అంతా ఫోన్‌లో లైట్‌రూమ్ యాప్‌లోనే, ఫైళ్లు రా (కెమెరా మార్పులు చేయని ఫైలు) లో తీసుకుంటా. ఒక తప్పు చాలాకాలం చేశా, వైట్ బ్యాలెన్స్ కోసం, అంటే రంగులు సరిచేయడానికి, తెల్ల పంచె మీద నొక్కేవాణ్ణి, ఫొటో అంతా పసుపుగా మారేది, ఎందుకో అర్థమయ్యేది కాదు. మా ఇంట్లో తెల్లబట్టలకి నీలిమందు పెడతారు, యాప్ ఆ నీలాన్ని చంపడానికి పసుపు కలుపుతోంది! ఇప్పుడు ఏ రంగూ కలవని బూడిద రంగు అట్ట, గ్రే కార్డు, ఒకటి పెట్టుకున్నా, మొదటి ఫొటోలో ఎవరో ఒకరి చేతిలో పెట్టి తీసి, మిగతావాటికి అదే సెట్టింగ్ కాపీ చేస్తా. షాడోస్, అంటే చీకటి భాగాల్లో వెలుగు, కొంచెం పెంచుతా. చర్మాన్ని తెల్లబరచను, స్మూత్ చేసే బటన్ జోలికి అసలు పోను. దోమ కుట్టిన దద్దురూ, పిల్లాడి మూతి పక్కన అంటిన పెరుగూ తీసేస్తా, వారం తర్వాత ఎలాగూ ఉండవు కాబట్టి. పచ్చబొట్టూ పుట్టుమచ్చా ముడతా ముట్టుకోను.

ఇబ్బందులంటే, 200డీ లాంటి చిన్న సెన్సర్ (వెలుగు పట్టే చిప్) మీద ఇది 80 ఎంఎం లాగా, అంటే ఇంకా దగ్గరికి లాగినట్టు పనిచేస్తుంది, పది అడుగుల దూరం నుంచి తీసినా ఫ్రేములో పట్టేది నాలుగున్నర అడుగుల వెడల్పే. హాల్లో ఆరుగురిని నిలబెడితే నేను గుమ్మం దాటి బయటికి పోవాలి, అలాంటప్పుడు మళ్లీ కిట్ లెన్సే. చేతి వణుకుని సర్దే స్టెబిలైజర్ లేదు, చేత్తో పట్టుకుంటే, రాత్రి ఎల్ఈడీ లైట్ల కింద తప్ప, 1/125 కంటే కిందకి నేను దిగను. బరువు 160 గ్రాములే, మెడ నొప్పి ఉండదు.

కొనాలా అని అడిగితే, ముందు మీ కిట్ లెన్స్‌ని 50 దగ్గర పెట్టి, ఓ నెల్లాళ్లు గుమ్మం పక్కన మీ అమ్మనో అత్తయ్యనో కూర్చోబెట్టి తీయండి. వెలుగు చాలక ఐఎస్ఓ మరీ పెరిగిపోతోంది అనిపిస్తే అప్పుడు కొనండి. కానన్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని రకం) కెమెరా ఉన్నవాళ్లకి, వాటికి సరిపోయే ఆర్ఎఫ్ రకం 2020 నుంచి ఉంది. సెకండ్‌హ్యాండ్ తీసుకుంటే మాత్రం లెన్స్‌లోకి టార్చ్ కొట్టి సాలెగూడు పోగుల్లాంటి ఫంగస్ ఉందేమో చూడండి, వానాకాలం ఊళ్లో బీరువాలో వదిలేసి నేను ఒక పాత లెన్స్ అలాగే పోగొట్టుకున్నా, ఇప్పుడు దీన్ని బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెడుతున్నా.