సెకండ్ హ్యాండ్ డ్యూక్ 200: వీలీలు లేపిన బండో కాదో చూసి కొనండి

శ్రీకాకుళం ఆటో కన్సల్టెన్సీల్లో కేటీఎం డ్యూక్ 200కి గిరాకీ తగ్గదు. ట్యాంకుకి పాలిష్, హ్యాండిల్‌కి అరసవల్లి కుంకుమ పెట్టి నిలబెడతారు. 199.5 సీసీ, 25 పీఎస్, ఆరు గేర్లు. మంచి బండి, అనుమానం లేదు. ముందు చక్రం తేలిగ్గా లేస్తుంది, దాన్ని గాల్లో ఉంచి వెనక చక్రం మీదే నడిపే వీలీలకి కుర్రాళ్లు దీన్నే వాడతారు, చిక్కంతా అదే. 2018 చివర్లో ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) రాకముందు బండ్లయితే స్టాపీలకూ, అంటే ముందు బ్రేకు పట్టి వెనక చక్రం లేపడానికీ వాడి ఉంటారు, వాటిని ఇంకాస్త గట్టిగా చూడాలి.

అసలు దెబ్బ ఇంజన్ ఆయిల్ దగ్గర. ముందుభాగం లేచినంతసేపూ ఆయిల్ వెనక్కి జారిపోతుంది, పంపు గాలి లాగుతుంది. రెండు సెకన్ల వీలీకి ఏమీ కాదు. వంద మీటర్లు లేపుకెళ్లే కుర్రాడి చేతిలో మొదట కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) బేరింగ్ అరుగుతుంది, ఇంజన్ పైభాగం హెడ్‌లో వాల్వులు తెరిచే క్యామ్ కూడా. తెలిసినవాళ్లు నూరు, నూటయాభై మి.లీ. ఆయిల్ ఎక్కువ పోస్తారు. చాలామందికి ఆ ఓపిక ఉండదు. ఇంజన్ బాగా వేడెక్కాక రేజ్ చేసి వదలండి. కింద నుంచి టక్ టక్‌మని బరువైన చప్పుడు వస్తే బేరం ఆపేయండి. ‘అది టైమింగ్ చైన్ సౌండ్ అన్నా, టెన్షనర్ మారిస్తే పోద్ది’ అంటారు. టైమింగ్ చైన్ పైన సన్నగా గలగలమంటుంది. కింద నుంచి వచ్చే ఆ బరువైన చప్పుడు క్రాంక్ పని, ఇంజన్ దించి రెండుగా విప్పాల్సిందే.

వీలీ లేపేది క్లచ్‌తోనే. రేజ్ ఎక్కించి లీవర్ ఠక్కున వదిలితే ప్లేట్లు కాలతాయి, మధ్యనున్న స్టీలు ప్లేట్లు నీలం తిరుగుతాయి. ఆమదాలవలస రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు నాలుగో గేర్లో 40 మీద యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పండి. ఆర్‌పీఎం ఎగిరి స్పీడు పెరగలేదంటే ప్లేట్లు అయిపోయినట్టే. కొత్త ప్లేట్లు వేశామన్నా సంబరపడకండి. ప్లేట్లు కూర్చునే గిన్నెలాంటి క్లచ్ బాస్కెట్‌లో గాట్లు పడి ఉంటే కొత్తవీ అందులో ఇరుక్కుంటాయి, బండి కదిలేటప్పుడు వణుకుతుంది. బిల్లులో బాస్కెట్ ఉందో లేదో చూడండి.

ముందు చక్రం దభీమని పడిన ప్రతిసారీ ఫోర్కులకీ, హ్యాండిల్ తిరిగే బేరింగులైన కోన్ సెట్‌కీ దెబ్బే. ఫోర్కు రాడ్లు గుడ్డతో తుడిచి, బ్రేకు పట్టి ఐదారుసార్లు గట్టిగా నొక్కండి. రాడ్డు మీద తడి గీత పడితే సీళ్లు పోయాయి. ఆ ఆయిల్ కారి బ్రేక్ ప్యాడ్ మీద పడితే బ్రేకు పట్టదు. ముందు చక్రం గాల్లోకి లేపించి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి. సరిగ్గా మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ మార్చాలి.

చైన్ ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా ఉందా? వెనక చక్రం హబ్‌లోని రబ్బర్లు నలిగాయా? ఇవి చిన్న ఖర్చులే, బేరంలో తగ్గించుకోవచ్చు. వెనక టైరు నడిమధ్య మాత్రమే చదునుగా అరిగితే బర్నవుట్లు (బండి నిలబెట్టి వెనక చక్రం గిర్రున తిప్పి పొగ లేపడం) కొట్టారని అనుకోండి, రేడియేటర్‌లో కూలెంట్ రంగు కూడా చూడండి.

వెనక డిస్కుకి రెండో కాలిపర్, హ్యాండిల్ మీద దాని లీవర్, తోకకింద వెల్డింగ్ చేసిన ఇనుప కడ్డీ కనిపిస్తే అది స్టంట్ల బండే, ఇక ఏమీ వెతకక్కర్లేదు. విప్పేసినా బోల్టు బెజ్జాలు, వెల్డింగ్ మచ్చలు మిగులుతాయి, సీటు తీయించి టార్చి వేసి చూడండి. కంపెనీ ఇచ్చిన రూపం ఇలా మార్చడం మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52కి విరుద్ధం. ఆర్సీ మీ పేరుకి మారాక పోలీసులు ఆపితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే.