ఫమాచా కార్డు: నట్టలకు సరే, రక్త పరాన్నజీవులకు చాలదు

గొర్రె కనురెప్ప లోపలి రంగును బట్టి రక్తం తగ్గిందో లేదో చూసే ఫమాచా కార్డు మంచి వస్తువే, వద్దని నేను అనను. కానీ కన్ను పాలిపోయిందని కార్డు చూపించగానే నట్టల మందు తాగించేసి, నాలుగు రోజులైనా గొర్రె లేవకపోతే మళ్లీ అదే మందు పట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది, అందుకే ఇది రాస్తున్నా.

ముందు మంచి సంగతి. కార్డు మీద 5 రంగులుంటాయి, 1 అంటే మంచి ఎరుపు, 5 అంటే సున్నమంత తెలుపు. కింది కనురెప్ప లోపలి పొరను వాటితో పోల్చి రక్తం ఎంత తగ్గిందో చూస్తాం. దక్షిణాఫ్రికాలో దీన్ని తయారు చేసిందే హీమాంకస్ అనే, కడుపులో రక్తం పీల్చే నట్ట కోసం. ఆ పనికి బ్రహ్మాండంగా ఉంటుంది: మందంతటికీ కాకుండా పాలిపోయినవాటికే మందు పడుతుంది, నట్టలు మందుకు లొంగకుండా మొండికెత్తడమూ తగ్గుతుంది. నీడలో కాదు, పగటి వెలుతురులో చూడాలి. కార్డు రంగు వెలిసిపోతుంది కాబట్టి వాడనప్పుడు చీకట్లో ఉంచి, ఏడాదికోసారి మార్చుకోవాలి.

ఇక దీనితో వచ్చే చిక్కు. రక్తం తగ్గిందని చెప్తుందే తప్ప ఎందుకు తగ్గిందో ఈ కార్డు చెప్పదు. పిడుదుల వల్ల వచ్చే బెబీసియా, థైలీరియా, అనాప్లాస్మా అనే రక్త పరాన్నజీవులు కూడా కన్ను పాలిపోయేలాగే చేస్తాయి, కానీ దారి వేరు. నట్ట రక్తం పీల్చేస్తుంది, వీటి వల్లేమో ఎర్ర రక్తకణాలు ఒంట్లోనే నాశనమవుతాయి. అందుకే కనురెప్ప పొర ఒక్కోసారి తెలుపు కాదు, పసుపు తిరుగుతుంది, ఆ పసుపుకి కార్డులో గడే లేదు! బెబీసియాలో 41 డిగ్రీలు దాటే జ్వరం, మేత మానేయడం, ఎర్రటి మూత్రం, చూడి గొర్రెలు ఈసుకుపోవడం (గర్భం పోవడం) ఉంటాయి. థైలీరియా అయితే జబ్బ ముందున్న గ్రంథి చేతికి గడ్డలా తగులుతుంది. నట్టల్లో మామూలుగా జ్వరం ఉండదు, దవడ కింద నీరు దిగుతుంది. కాబట్టి కార్డుతో పాటు ఒక థర్మామీటరు కూడా పెట్టుకోండి, నిజంగా చాలా తేడా తెలుస్తుంది. బాగా పాలిపోయినదాన్ని తరిమి పట్టుకోవద్దు, అక్కడికక్కడే కూలిపోవచ్చు.

జ్వరమూ పాలిపోవడమూ కలిసి కనిపిస్తే డాక్టరు చేత చెవి కొస నుంచి రక్తం తీయించి స్లైడు వేయించండి. దానికి జీమ్సా రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే ఎర్ర రక్తకణం లోపల జంటగా బేరిపండు ఆకారంలో ఉన్నవి బెబీసియా, కణం అంచున చిన్న చుక్కల్లా ఉన్నవి చాలావరకు అనాప్లాస్మా. ఏదో తేలాలి, ఎందుకంటే మందులు వేర్వేరు: బెబీసియాకు డిమినజీన్, థైలీరియాకు బుపార్వాక్వోన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్. మోతాదు మాత్రం డాక్టరే చెప్పాలి. నట్టల మందు ఈ మూడింటిలో దేన్నీ తాకదు.

కొత్త గొర్రెల్ని కొనేటప్పుడూ కార్డు ఒక్కటే చూసి నమ్మొద్దు. అనాప్లాస్మా నుంచి కోలుకున్న గొర్రె కన్ను ఎర్రగానే ఉంటుంది, కార్డులో 1 అనే వస్తుంది, కానీ సూక్ష్మజీవి రక్తంలో చాలాకాలం అలాగే ఉంటుంది. అంత తక్కువగా ఉన్నప్పుడు స్లైడులోనూ దొరక్కపోవచ్చు, సూక్ష్మజీవి జన్యువుల్ని వెతికే పీసీఆర్ లాంటి పరీక్షలో తేలుతుంది. అలాంటిదాన్ని కుట్టిన పిడుదు మిగతావాటికి అంటిస్తుంది కాబట్టి మందలో కలిపే ముందు చెవుల లోపల, తోక కింద, పొదుగు దగ్గర వేళ్లతో తడిమి పిడుదుల కోసం వెతకండి.