వెకేట్ అయిన వీధిలో మన సగం: టైటిల్ పాలసీ చాలదు, సర్వే కావాలి

వాషింగ్టన్ రాష్ట్రంలో ఇంటి పక్క వీధిని సిటీ వెకేట్ చేస్తే, అంటే ప్రజల వీధిగా రద్దు చేస్తే, ఆ నేల మామూలుగా రెండు పక్కల యజమానులకు చెరి సగం వస్తుంది. ఆ సగాన్ని కాగితం మీద నిలబెట్టడానికి డబ్బు పెట్టి కొనే సేవలు రెండు: టైటిల్ కంపెనీ (భూమి హక్కును పరిశీలించి దానికి ఇన్సూరెన్స్ ఇచ్చే సంస్థ) రిపోర్టు-పాలసీ, లైసెన్సున్న సర్వేయర్ చేసే హద్దుల సర్వే. చాలామంది మొదటిది తీసుకుని ఊరుకుంటారు. ఈ పనికి అది సగం సేవే.

టైటిల్ రిపోర్టు చేతికి రాగానే షెడ్యూల్ ‘ఎ’లోని లీగల్ డిస్క్రిప్షన్ (స్థలాన్ని చట్టపరంగా గుర్తించే వివరణ) చదవండి. లాట్ నంబరు, బ్లాకు, లేఅవుట్ పేరుతో అది ఆగిపోతే, వీధి భాగానికి ఇన్సూరెన్స్ ఉందని నమ్మడానికి లేదు. ‘వెకేట్ అయి, చట్టప్రకారం ఈ స్థలంలో కలిసిన వీధి భాగంతో సహా’ అనే అర్థంలో ఒక వాక్యం ఉండాలి. వీధిని వెకేట్ చేస్తూ సిటీ చేసిన ఆర్డినెన్స్ (స్థానిక చట్టం) నంబరు కూడా ఉంటే మరీ మంచిది. లేకపోతే సిటీ క్లర్క్ దగ్గర ఆర్డినెన్స్ కాపీ తీసుకుని, క్లోజింగ్‌కు (కొనుగోలు పూర్తయ్యే రోజుకు) ముందే చేర్పించాలి. ఆ కాపీలోనే ఇంకో సంగతి చూడాలి. యజమానులు పరిహారం కట్టాకే వెకేషన్ అమల్లోకి వస్తుందని సిటీ షరతు పెట్టవచ్చు. పరిహారం మామూలుగా అంచనా విలువలో సగం దాకా, వీధి 25 ఏళ్లకు పైగా ప్రజల వాడుకకు ఇచ్చినదైతే పూర్తి విలువ దాకా ఉండొచ్చు. అది కట్టినట్టు, ఆర్డినెన్స్ కౌంటీలో రికార్డయినట్టు రుజువు లేకపోతే పాలసీలో ఆ వాక్యం చేర్పించడం కష్టం.

షెడ్యూల్ ‘బి’లో పాలసీ భరించని మినహాయింపులుంటాయి. వెకేట్ చేసినా మురుగు, నీటి పైపుల కోసం సిటీ ఈజ్‌మెంట్ (ఆ నేలను వాడుకునే హక్కు) అట్టే పెట్టుకోవచ్చు. అలాంటి చోట నేల మనదే అయినా గ్యారేజీ కట్టుకోలేం. అన్నిటికన్నా పెద్ద లోటు ఏమిటంటే, సర్వే చేస్తే బయటపడే తగాదాలను స్టాండర్డ్ పాలసీ భరించదు. అవతలివాళ్ల కంచె మధ్యగీత దాటి మన సగంలోకి వచ్చిందనుకోండి. ఆక్రమణతో సిటీ హక్కు పోదు. కానీ మన నేల మీద ఆక్రమణ 10 ఏళ్లు దాటితే ఆ కంచె వెనుక నేల పోయే ప్రమాదముంది.

అందుకే సర్వేకు పెట్టే డబ్బు దండగ కాదు. మంచి సర్వేయర్ అసలు లేఅవుట్ మ్యాపుతో పాటు అవతలి లేఅవుట్‌నూ తెప్పిస్తాడు, పాత హద్దు గుర్తులు వెతికి మధ్యగీత తేలుస్తాడు, మూలల్లో గుర్తులు పాతి, సర్వే రికార్డును కౌంటీలో దాఖలు చేస్తాడు. అవతలి లేఅవుట్ ఎందుకంటే, వీధి మొత్తాన్ని ఒకే యజమాని తన భూమి అంచున వదిలి ఉంటే, సగం కాకుండా మొత్తం ఆ వైపుకే వెళ్లవచ్చు. కౌంటీ వెబ్‌సైట్లోని పార్సిల్ మ్యాపు మీద గీత గీసి ఇచ్చేవారిని పెట్టుకోవద్దు. అది పన్నుల కోసం వేసిన మ్యాపు, హక్కుకు రుజువు కాదు.

పాత లేఅవుట్లలో ఈ రెండు సేవలూ ఆగిపోయే చోటు ఒకటుంది. 1890 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం, అప్పట్లో సిటీ హద్దుల బయట ఉండి, 5 ఏళ్లపాటు తెరవకుండా వదిలేసిన వీధి దానంతటదే రద్దయిపోయింది. 1909 సవరణతో ఈ దారి మూసుకుపోయింది, ఆలోగా ఆ 5 ఏళ్లు నిండి ఉండాలి కాబట్టి 1904కు ముందు వేసిన లేఅవుట్లకే ఇది పనికొస్తుంది. ఇక్కడ ఆర్డినెన్సే ఉండదు. కాబట్టి పాలసీలో చేర్చడానికి టైటిల్ కంపెనీ క్వైట్ టైటిల్ తీర్పు (హక్కు ఎవరిదో తేల్చే కోర్టు తీర్పు) అడగవచ్చు. అప్పుడు లాయర్ తప్పదు.

పక్కింటివారి దగ్గర క్విట్‌క్లెయిమ్ డీడ్ (తమకేదైనా హక్కుంటే వదులుకుంటూ రాసే పత్రం) రాయించుకుంటే చవకలో పోతుందనుకుంటారు. వారికి హక్కు ఉంటేనే అది మనకు వస్తుంది, లేకపోతే ఆ డీడ్‌తో ఏమీ రాదు. ఆ నేల వారి తనఖా కింద ఉంటే, బ్యాంకు విడుదల చేసేదాకా ఆ అప్పు దాన్ని వదలదు.

ఏ వరుసలో వెళ్లాలంటే: ముందు ఆర్డినెన్స్, తర్వాత ప్రిలిమినరీ (పాలసీకి ముందు ఇచ్చే) టైటిల్ రిపోర్టు, ఆపైన సర్వే. ఆ సర్వే చూపించి, స్టాండర్డ్ పాలసీకన్నా ఎక్కువ భరించే ఎక్స్‌టెండెడ్ కవరేజీ అడగండి. కంచె తగాదా సర్వేలో కనిపిస్తే టైటిల్ కంపెనీ దాన్ని పేరుపెట్టి మినహాయిస్తుంది, ఆ సంగతి కొనకముందే తెలుస్తుంది.