ఒంటరిగా లంకల వెంట: పాలకొల్లులో దిగి కాకినాడలో రైలెక్కిన ప్రయాణం

ఓడ ప్రయాణాల ధరలు ఎప్పుడు చూసినా ఒక్కదగ్గరే బండి ఆగిపోతుంది. రాసే ధర మనిషికి, అమ్మే గది ఇద్దరికి. ఒక్కరే వెళ్తామంటే రాని మనిషి డబ్బు కూడా మనమే కట్టాలి. కొన్ని కంపెనీలు పూర్తిగా రెట్టింపు తీసుకుంటాయి, కొన్ని కాస్త తగ్గిస్తాయి. ఒక్కరి కోసమే కట్టిన చిన్న గదులున్న ఓడలు లేకపోలేదు గానీ అవి తిరిగేది ఎక్కువగా పరాయి సముద్రాల్లో. లక్షద్వీప్‌కి కొచ్చి దాకా వెళ్లి ఓడ ఎక్కాలి, దానికి ముందు అనుమతి పత్రం తెచ్చుకోవాలి. అండమాన్‌కి విశాఖ నుంచే ఓడ ఉంది, కానీ దారిలోనే రెండు రోజులు దాటిపోతాయి. నాకు కావలసినవి మూడే: చుట్టూ నీళ్లు, కొబ్బరిచెట్లు, పక్కన ఎవరూ లేని తీరిక. ఆ మూడూ మన గోదావరి డెల్టాలోనే ఉన్నాయి కదా అని చివరికి ఇటు తిరిగాను.

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. గౌతమికీ వశిష్ఠకీ మధ్య, దక్షిణాన బంగాళాఖాతంతో, కోనసీమ మొత్తం ఒక ద్వీపం. ఆ నదుల కడుపులో మళ్లీ లంకలు. మాది తణుకు పక్క ఊరే. అయినా పెళ్లిళ్లకీ పేరంటాలకీ కార్లో వంతెనలు దాటడమే తప్ప, నీళ్ల మీదుగా ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్లింది లేదు. అందుకే పడమట పాలకొల్లులో దిగి, పాయల్ని ఒక్కొక్కటే దాటుకుంటూ తూర్పున కాకినాడలో రైలెక్కేలా దారి వేసుకున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది నెల. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద కాలం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నది పొంగితే రేవు దాటించే పంట్లు ఆపేస్తారు, లంకలకు వెళ్లే కాజ్‌వేలు మునుగుతాయి, లంకవాళ్లే బయటికి రావడానికి నాటుపడవల కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. అలాంటప్పుడు సరదా ప్రయాణం పెట్టుకోవడం మర్యాద కూడా కాదు. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 1996 నవంబరు 6 నాటి తుపాను గురించి కోనసీమలో పెద్దవాళ్లని ఎవరిని కదిపినా ఇప్పటికీ గంట సేపు చెబుతారు. కాబట్టి డిసెంబరు మొదలు ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. అందులో సంక్రాంతి వారం తీసెయ్యండి. ఊళ్లకి వచ్చినవాళ్లతో గదులన్నీ నిండిపోతాయి, ఉన్న ఒకటీ అరా ధర ఆకాశంలో ఉంటుంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలన్న కోరిక గట్టిగా ఉంటే మాత్రం నెలల ముందే గది చెప్పుకోవాలి. భీష్మ ఏకాదశి రోజుల్లో అంతర్వేదిలో స్వామి కల్యాణోత్సవాలు, అప్పుడు ఆ దారంతా జనమే. ఇంకొకటి: పులస తినాలంటే వరదలో రావాలి, పడవలో తిరగాలంటే వరద తీశాక రావాలి. రెండూ ఒక ప్రయాణంలో కుదరవు. నేను పడవనే ఎంచుకున్నాను.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకి నరసాపురం ఎక్స్‌ప్రెస్ చక్కగా సరిపోతుంది. రాత్రి ఎక్కితే పొద్దున పాలకొల్లులో దిగొచ్చు. పంచారామాల్లో ఒకటైన క్షీరారామం ఊళ్లోనే ఉంది కాబట్టి దర్శనం చేసుకుని, టిఫిన్ ముగించి, చించినాడ వంతెన మీదుగా వశిష్ఠ దాటితే అవతలి ఒడ్డే డిండి.

డిండి అంటే హౌస్‌బోటు. ఇక్కడే ఓడ కంపెనీల లెక్క మళ్లీ ఎదురైంది. ఫోన్‌లో అడిగితే, "ఒక్కరేనాండీ? ఆయ్, గది ఇద్దరిదండి, ఒక్కరొచ్చినా అదే రేటండి" అన్నారు. దాచకుండా ముందే చెప్పారు, అందుకు మెచ్చుకోవాలి. అయితే రేటు ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. పడవ రాత్రంతా ఎక్కడ ఉంటుంది, నది మీద నిజంగా తిరిగేది ఎన్ని గంటలు, ఏసీ రాత్రంతా నడుస్తుందా జనరేటర్ ఉన్నంత సేపేనా, పక్క గదులు ఎవరు తీసుకున్నారు, ఇవన్నీ అడగాలి. సాయంత్రం కాసేపు నదిలో తిప్పి, చీకటి పడ్డాక రేవు దగ్గర కట్టేస్తారు. రాత్రి నది మధ్యలో నిద్రపోతామన్న ఊహతో వచ్చేవాళ్లకి ఈ సంగతి ముందే తెలియాలి. అది భద్రత కోసం చేసేదే, నాకైతే సమ్మతమే.

పడవ మీద సాయంత్రం బాగుంది. ఒడ్డున కొబ్బరితోటలు నీళ్ల మీదికి వంగి ఉన్నాయి, ఎక్కడో ఒకచోట గేదెల్ని కడుగుతున్నారు, వంతెన మీద లారీల చప్పుడు సన్నగా వినిపిస్తోంది. వంటాయన పెట్టిన చేపల పులుసు మా ఇంటి పులుసుకి తీసిపోలేదు. కానీ పక్క గదులు ఒకే స్నేహితుల బృందం తీసుకుంది, వాళ్ల పాటల పెట్టె పొద్దుపోయే దాకా ఆగలేదు. పడవవాళ్లని అడిగితే మెల్లగా చెప్పి తగ్గించారు గానీ, అలా అడగాల్సిన అవసరం రాకూడదు. నా లెక్కలో ఒంటరిగా వచ్చినవాళ్లకి హౌస్‌బోటు రాత్రి గిట్టుబాటు కాదు. అదే ఒడ్డున రిసార్టు గది తీసుకుని, సాయంత్రం గంట లెక్కన బోటు షికారు చేస్తే సగం ఖర్చుతో ఆ నదే, ఆ ఎండే దొరుకుతుంది. శని, ఆదివారాలు కాకుండా వారం మధ్యలో వస్తే ఇంకా నయం.

అసలు సంతోషం మర్నాడు సఖినేటిపల్లి రేవులో దొరికింది. ముందు అంతర్వేది వెళ్లాను. లక్ష్మీనరసింహస్వామి గుడి, 2020లో కాలిపోయిన రథం స్థానంలో చేయించిన కొత్త రథం, అక్కడి నుంచి వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు. గట్టు దగ్గర నది నీళ్లూ సముద్రపు నీళ్లూ రంగు తేడా కనిపిస్తూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. గుడి దగ్గర గదులు ఉన్నాయి గానీ పండగ రోజుల్లో వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. నేను తిరుగు దారిలో సఖినేటిపల్లి వచ్చి, నరసాపురం వెళ్లే పంటు ఎక్కాను.

పంటు అంటే రెండు పడవలు పక్కపక్కన పెట్టి, పైన పలకలు పరిచి బిగించినది. ముందు మోటారుసైకిళ్లు ఎక్కిస్తారు, ఒకదాని హ్యాండిల్ ఇంకోదాని సీటు మీదికి వచ్చేంత దగ్గరగా. తర్వాత పాలక్యాన్లు, అరటిగెలలు, కూరగాయల బస్తాలు, ఆఖర్న మనుషులు. కళాసీ కుర్రాడు వెదురుగడతో ఒడ్డుని ఒక్క తోపు తోశాడు, ఇంజను అందుకుంది. వాలుకి ఎదురు కాస్త పైకి పోనిచ్చి, నది మధ్యకొచ్చాక వాలుతో పాటు కిందికి జారనిస్తూ సరంగు దాన్ని సరిగ్గా అవతలి మెట్టుకి తెచ్చి ఆనించాడు. గట్టిగా ఒక్క మాట కూడా అరవలేదు. నా పక్కన చేపలగంపతో నిలబడ్డ ఆవిడ, "ఒక్కదానివే వచ్చావా అమ్మా? మీ వాళ్లేరీ?" అంది. ఒక్కదాన్నే, చూడ్డానికొచ్చానన్నాను. "మంచి పని చేశావు, ఎండకి కొంగు కప్పుకో" అని గంప కాస్త జరిపి చోటిచ్చింది. టికెట్టు మనిషికి ఇంత, బండికి ఇంత అని ఉంటుంది. ఒంటరిగా వచ్చారని ఎవరూ రెండో మనిషి డబ్బు అడగరు. రేవుని వేలంలో పాడుకున్నవాళ్లు నడుపుతారు కాబట్టి రోజంతా వస్తూ పోతూనే ఉంటాయి. నేను అదే పంటు మీద తిరిగి కూడా వచ్చాను.

లైఫ్ జాకెట్ మాత్రం అడిగి తీసుకోండి. రోజూ దాటేవాళ్లు వేసుకోరు, వాళ్లని చూసి మొహమాటపడొద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగిన సంగతి ఈ జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు. జనం కిక్కిరిసి ఉంటే వచ్చే పంటు దాకా ఆగండి. ఒంటరి ప్రయాణంలో ఆ వెసులుబాటు మన చేతిలోనే ఉంటుంది.

రాజోలు మీదుగా అప్పనపల్లి వెళ్లి, వైనతేయ ఒడ్డున బాలబాలాజీ గుళ్లో భోజనం చేశాను. పాశర్లపూడి-బోడసకుర్రు వంతెన దాటితే వైనతేయ కూడా వెనకబడుతుంది, అమలాపురం దగ్గరపడుతుంది.

అమలాపురంలో బస గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఒక లాడ్జిలో ఫోన్ మీద గది ఖాయం చేశారు. తీరా కౌంటర్ దగ్గరికి వెళ్లాక, ఒక్క ఆడమనిషికి ఇవ్వమన్నారు, లేదా ఇంట్లో మగవాళ్ల చేత ఫోన్ చేయించమన్నారు. నలభై దాటిన మనిషిని, ఆధార్ కార్డు చేతిలో ఉంది, సంపాదించుకుంటున్నాను. ఇది వాళ్ల నియమమైతే ఫోన్‌లోనే చెప్పాలి. చీకటి పడే వేళ మెట్ల మీద నిలబెట్టి చెప్పడం అన్యాయం. అక్కడి నుంచి బస్టాండు వైపు నడిచి ఇంకో చోట అడిగితే, మేనేజరు గారు కార్డు చూసి, సంతకం పెట్టించుకుని తాళం ఇచ్చారు, రాత్రి ఏ అవసరమొచ్చినా కిందికి ఫోన్ చెయ్యమన్నారు. గది చిన్నదే, దుప్పటి శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. ఆడవాళ్లు ఒంటరిగా వస్తే బుకింగ్ అప్పుడే "ఒక్కదాన్నే, ఆడమనిషిని" అని చెప్పి, సరేనన్న మాట మెసేజీలో పెట్టించుకోవడం మేలు.

అంబాజీపేట పొద్దున్నే వెళ్లాలి. కొబ్బరి మార్కెట్టు కోసం ఒకటి, పొట్టిక్కల కోసం ఒకటి. పనసాకుల్ని ఈనెపుల్లలతో గుచ్చి చిన్న బుట్టల్లా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పుతుంటే ఈనెల గీతలు పొట్టిక్క ఒంటి మీద అచ్చుపడి ఉంటాయి, పనసాకు వాసన పిండిలోకి దిగి ఉంటుంది. కొబ్బరి చట్నీ, అల్లం పచ్చడి. ఈ ప్రయాణంలో తిన్నవాటిలో దీనికే నా మొదటి ఓటు.

గౌతమిని యానాం దగ్గర బాలయోగి వంతెన మీద పది నిమిషాల్లో దాటేయొచ్చు. చాలామంది అలాగే వెళ్తారు. నా మాట విని ముక్తేశ్వరం రేవుకి వెళ్లండి. అయినవిల్లి వినాయకుడి గుడి ఆ దారిలోనే. ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి పంటు ఉంది, ఇక్కడ నది వశిష్ఠ కన్నా వెడల్పు. మధ్యలో ఇసుక మేటలు, వాటి మీద కొంగలు, దూరంగా లంకల్లో మొక్కజొన్న, కూరగాయల మడులు. కోటిపల్లిలో దిగి సోమేశ్వరుణ్ణి చూసుకుని ఆటోలో ద్రాక్షారామం చేరుకోవచ్చు. ఈ దారి వంతెన దారి కన్నా గంటా గంటన్నర ఎక్కువ పడుతుంది. నీళ్ల కోసం వచ్చినవాళ్లకి ఆ గంటన్నరే అసలు ప్రయాణం.

యానాంలో ఎక్కువ సేపు ఆగలేదు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండి ఇప్పుడు పుదుచ్చేరి కిందికి వచ్చే ఊరు, గౌతమి ఒడ్డున నడవడానికి మంచి గట్టు ఉంది. శుక్ర, శనివారాల్లో మందు కోసం వచ్చేవాళ్ల రద్దీ ఎక్కువ కాబట్టి ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లకి అక్కడ రాత్రి బస నేను సూచించను.

కోరంగికి మాత్రం ఒక పూట పూర్తిగా ఇవ్వాలి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన మడ అడవి ఇది, 235 చదరపు కిలోమీటర్లు. చెక్కల వంతెన మీద అడవి లోపలికి నడుచుకుంటూ వెళ్లొచ్చు. తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న. కింద బురదలోంచి ఊపిరి వేళ్లు పెన్సిళ్లు గుచ్చినట్టు నిలబడి ఉంటాయి. వాటి మధ్య బురద మీద గెంతే చిన్న చేపల్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో. బావురుపిల్లులు, నీటికుక్కలు ఇక్కడ ఉన్నాయి గానీ పగటిపూట పర్యాటకులకి కనిపిస్తాయని ఆశ పెట్టుకోకండి. ఒకప్పుడు కోరంగి ఓడలు కట్టిన రేవు. 1839 నవంబరు తుపాను ఉప్పెనలో ఆ రేవు పట్టణం నాశనమైంది. ఆ కథ తెలిసి నడిస్తే ఈ చెట్లు ఒడ్డుకి ఎంత అండో అర్థమవుతుంది.

కోరంగిలో బోటు షికారు పోటు మీద ఆధారపడి ఉంటుంది. పాటు సమయంలో కాలవలో నీళ్లు చాలవు, బోట్లు కదలవు. బయల్దేరే ముందే ఫోన్ చేసి ఆ రోజు పోటు ఎప్పుడో కనుక్కోవాలి. నేను వెళ్లింది పనిరోజు కావడంతో జనం లేరు, బోటు మొత్తం అద్దె కట్టమన్నారు. కాసేపు ఆగితే రామచంద్రపురం నుంచి వచ్చిన ఒక కుటుంబం, "మాతో రండి అక్కా" అని పిలిచి ఖర్చు పంచుకుంది. ఒంటరివాళ్లకి ఇక్కడ మాత్రం ఆదివారం పొద్దునే అనుకూలం, డిండికి పూర్తిగా తిరగబడ్డ లెక్క.

కాకినాడకి ఎదురుగా, సముద్రాన్ని అడ్డుకుంటూ ఇసుకదిబ్బలా పెరిగిన హోప్ ఐలాండ్ ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే తీరం అది. వెళ్లాలంటే ముందు అటవీశాఖ వాళ్లని అడిగి, బోట్లు నడుస్తున్నాయో లేదో రూఢి చేసుకుని గానీ కాకినాడలో ఇంకో రాత్రి గది తీసుకోవద్దు. నేను వెళ్లిన రోజు గాలి ఎక్కువగా ఉందని బోట్లు వదల్లేదు. పట్టు పట్టలేదు, కాజా కట్టించుకుని కాకినాడ టౌన్ స్టేషన్లో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆ రైలుకి కింది బెర్తు కావాలంటే పాలకొల్లు టికెట్టుతో పాటే తిరుగు టికెట్టు కూడా తీసుకోండి, సంక్రాంతి దగ్గరపడే కొద్దీ వెయిటింగ్ లిస్టు కూడా దొరకదు.