నాయకుడి బొమ్మ గిల్రే గీస్తే మేలా, వానిటీ ఫెయిర్ గీస్తే మేలా?

1792 జూలైలో లండన్‌లో బొమ్మల దుకాణం నడిపే హన్నా హంఫ్రీ ఒక కొత్త బొమ్మ అమ్మకానికి పెట్టింది. అందులో ఒక లావుపాటి మనిషి భోజనం ముగించి కుర్చీలో వెనక్కి వాలి ఉంటాడు. పొట్ట మీద వెయిస్ట్‌కోటు ఒక్క గుండీతో వేలాడుతూ ఉంటుంది. ఫోర్కుతో పళ్లు కుట్టుకుంటుంటాడు. బల్ల మీద ఎముకలు, కింద ఖాళీ వైన్ సీసాలు. వెనక నిండి పొర్లుతున్న మూత్రపాత్ర, దాని కింద అణిగి ఉన్న బిల్లులు. కోళ్లవాడిది, మాంసంవాడిది, రొట్టెలవాడిది, ఏదీ కట్టలేదు. పక్కనే మొలలకు మందు, నోటి కంపుకు మందు. గోడ మీద వంశచిహ్నం ఉండాల్సిన చోట కత్తీ ఫోర్కూ అడ్డంగా పెట్టి ఉంటాయి.

ఆ మనిషి ప్రిన్స్ ఆఫ్ వేల్స్, తర్వాత నాలుగో జార్జి అయినవాడు. అప్పటికి ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. గీసింది జేమ్స్ గిల్రే.

ఇప్పుడు ఇంకో బొమ్మ. 1869 జనవరి 30న వానిటీ ఫెయిర్ అనే లండన్ వారపత్రిక రాజకీయ నాయకుడు డిజ్రేలీ క్యారికేచర్‌ను రంగుల్లో వేసింది. మరుసటి వారం ఆయన ప్రత్యర్థి గ్లాడ్‌స్టన్. ఈ ఇద్దరినీ గీసింది ఇటలీ నుంచి వచ్చిన కార్లో పెల్లెగ్రీని. 'ఏప్' అని సంతకం చేసేవాడు. తర్వాత 'స్పై' పేరుతో లెస్లీ వార్డ్ వచ్చాడు. 1914 దాకా ఆ పత్రికలో ఇలాంటివి రెండు వేలకు పైగా వచ్చాయి. దాదాపు అన్నిటిదీ ఒకటే పద్ధతి. పేజీకి ఒక మనిషి, వెనక పెద్దగా ఏమీ ఉండదు, కింద ఒక చిన్న మాట. తల కాస్త పెద్దది, కాళ్లు కాస్త సన్నం, నిలబడే తీరు మాత్రం అచ్చం ఆ మనిషిదే.

బ్రిటిష్ వ్యంగ్య చిత్రాలు కొత్తగా చూడటం మొదలుపెట్టేవాళ్లకు ఈ రెండిట్లో ఏది ముందు అనే ప్రశ్న వస్తుంది. నా జవాబు గిల్రే. అయితే అంత సులువుగా తేలిన జవాబు కాదు.

ముందు వానిటీ ఫెయిర్ వైపు న్యాయం చెప్పాలి. ఒక మనిషి గదిలోకి ఎలా నడిచొచ్చేవాడు, టోపీ ఎలా పట్టుకునేవాడు తెలియాలంటే ఏప్‌ను మించినవాడు లేడు. స్పై కూడా తాను గీయాల్సిన మనిషిని దూరం నుంచి చాలాసేపు గమనించేవాడు. చూడగానే అర్థమవుతుంది, చరిత్ర పుస్తకం పక్కన పెట్టుకోనక్కర్లేదు. గిల్రే అలా కాదు. ఒక్కో బొమ్మలో పదిమంది ఉంటారు, ఒక్కొక్కరి నోట్లోంచి బుడగలా మాటలు, గోడ మీద రాతలు. ఎవరు ఎవరో తెలియకపోతే సగం పోతుంది.

ఇక పని విషయం. గిల్రేది రాగి రేకు పద్ధతి. రేకుకు మైనం పూత పూసి, సూదితో గీస్తే గీసినచోట రాగి బయటపడుతుంది. దాన్ని ఆమ్లంలో ముంచితే ఆమ్లం గీసినచోట రాగిని లోతుగా తినేస్తుంది. అచ్చులో అన్నీ తిరగబడతాయి కాబట్టి అక్షరాలన్నీ వెనక నుంచి ముందుకు రాయాలి. బిల్లుల మీది ఆ చిన్న రాతలు అలా రాసినవే అని తలుచుకుంటే చెయ్యి నొప్పి పుడుతుంది. ఆ తర్వాత ఒక్కో కాగితానికీ కుంచెతో రంగు వేసేవారు. వానిటీ ఫెయిర్‌ది రాయి మీద గీసి రంగుల్లో అచ్చేసే లితో పద్ధతి. చూపుకు మెత్తగా ఉంటుంది.

రంగు వేసిన గిల్రే బొమ్మలు షిల్లింగులు పెట్టి కొనాలి, కూలివాడికి అందేవి కావు. అందుకే జనం హంఫ్రీ దుకాణం కిటికీ దగ్గర గుమిగూడేవారు. 1808 నాటి ఒక బొమ్మలో సెయింట్ జేమ్స్ స్ట్రీట్‌లోని అదే దుకాణం కనిపిస్తుంది. ముందు ఒక ముసలాయన కాలుజారి పడిపోతున్నాడు. వెనక కిటికీకి అతుక్కుపోయిన వాళ్లు తల కూడా తిప్పరు.

అసలు తేడా తేలులా కుట్టడంలో ఉంది. వానిటీ ఫెయిర్‌లో రావడం చాలామంది గౌరవంగా భావించారు. నవలాకారుడు ట్రాలప్‌లాగా మండిపడినవాళ్లు కొందరే. క్రికెటర్ రంజిత్‌సింహ్‌జీని 1897లో స్పై గీశాడు. కింద 'రంజీ' అని రాశారు. చక్కటి బొమ్మ. కానీ గుజరాత్‌లోని నవానగర్ సంస్థానం గద్దె తనదేనని ఆయన పోరాడుతున్న రోజులవి. బొమ్మలో ఆటగాడే ఉన్నాడు, ఆ గొడవ లేదు.

దీని పక్కన గిల్రే కాలపు ఇంకో వ్యంగ్య చిత్రకారుడు జేమ్స్ సేయర్స్ 1783 డిసెంబర్‌లో గీసిన బొమ్మ పెట్టి చూడండి. ఈస్టిండియా కంపెనీని అదుపులో పెట్టే బిల్లును అప్పటి మంత్రి ఫాక్స్ తెచ్చాడు. సేయర్స్ ఆయన్ను 'కార్లో ఖాన్' చేసి ఏనుగెక్కించి, కంపెనీ ఆఫీసున్న లెడెన్‌హాల్ స్ట్రీట్‌లో ఊరేగించాడు. ఏనుగు మొహం ఫాక్స్‌తో జట్టుకట్టిన లార్డ్ నార్త్‌ది. ముందు బూర ఊదేది ఫాక్స్ పక్షంలోని బర్క్. కొద్దిరోజులకే లార్డ్స్ సభలో బిల్లు ఓడిపోయింది. పార్లమెంటు చర్చల కన్నా ఆ బొమ్మలే తనకు ఎక్కువ చేటు చేశాయని ఫాక్స్ అన్నాడంటారు. అప్పటికి ఉత్తర సర్కారులు కంపెనీ చేతిలో ఉన్నాయి. మన కోస్తా జిల్లాల మీద ఎవరి పెత్తనం ఉండాలన్న తగువు లండన్ కిటికీల్లో ఏనుగు బొమ్మై నిలబడింది. అందుకే ఆ బొమ్మను నేను వట్టి వేడుకగా చూడలేను. అది న్యాయమైన బొమ్మ అని కూడా అనను. కంపెనీకి పనికొచ్చిన బొమ్మ అది.

గిల్రే మీద కూడా ఇదే ఫిర్యాదు ఉంది. 1797 నుంచి ప్రధాని పిట్ ప్రభుత్వం ఆయనకు ఏడాదికి 200 పౌండ్ల పింఛను ఇచ్చింది. మధ్యలో నడిపించింది పిట్ మనిషి కానింగ్. ఉప్పు తిన్నాక చెయ్యి ఎటు వాలిందో బొమ్మల్లోనే కనిపిస్తుంది. పిట్ ప్రత్యర్థి ఫాక్స్ మీద దాడి అంతకుముందూ ఉంది, తర్వాత ఇంకా పెరిగింది. ఇది నన్ను బాధపెడుతుంది. అయినా ఆయన గీత పూర్తిగా లొంగలేదు. 1805లో పిట్, నెపోలియన్ ఎదురెదురుగా కూర్చుని భూగోళాన్ని పుడ్డింగ్‌లా కోసుకుంటుంటే, ఆకలి ఇద్దరి మొహాల్లోనూ ఒకేలా ఉంటుంది.

బొమ్మలంటే పెద్దలకు ఎంత భయమో చెప్పడానికి ఒక లెక్క చాలు. 1820లో రాజును ఏ అనైతిక స్థితిలోనూ గీయనని వ్యంగ్య చిత్రకారుడు జార్జ్ క్రుక్‌షాంక్ మాటిచ్చి 100 పౌండ్లు తీసుకున్నాడు. ఆ రాజు మన ఫోర్కు ప్రిన్సే. వానిటీ ఫెయిర్ బొమ్మను ఆపడానికి అలా డబ్బు కట్టాలని ఎవరికి తోస్తుంది?

మొదలుపెట్టేవాళ్లు బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్‌లో ఆ ప్రిన్స్ బొమ్మనూ, అదే నెలలో గిల్రే గీసిన దాని జోడీనీ పక్కపక్కన తెరవండి. రెండోదానిలో తండ్రి మూడో జార్జి ఉడికించిన గుడ్డు తింటుంటాడు. పొయ్యిలో నిప్పు లేదు, పూలు పెట్టారు. జూమ్ చేస్తే రాజుగారి బ్రీచెస్ లాగుకు మాసిక కనిపిస్తుంది.